పరాయి కరెంటు

తనవల్ల ఏ గురువుకీ చెడ్డపేరు రాకూడదన్న ఒకే ఒక్క మంచి ఉద్దేశంతో ఆ మెకానిక్కు ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. ఈ మాట షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ అతనే చెబుతాడు, అడక్కపోయినా సరే. విప్పడం సొంతంగా నేర్చుకున్నాడు. బిగించడమూ సొంతంగానే నేర్చుకున్నాడు, కాకపోతే కొంచెం ఆలస్యంగా. ఆ మధ్యకాలంలో చేతికొచ్చిన వస్తువుల సంగతి అడిగితే మాట మారుస్తాడు.

షాపు రేవుకి దగ్గర. పొద్దున్నే షట్టరు ఎత్తడం, టీ తాగడం, ముందురోజు విప్పి పెట్టినవాటి వంక కాసేపు దిగులుగా చూడటం, ఆ తర్వాత పని. సముద్రానికి అవతలున్న దేశం నుంచి ఓడల్లో పాత సామాను వచ్చేది. ఫ్రిజ్‌లు, ఫ్యాన్లు, బట్టలుతికే మెషీన్లు. ఆ దేశం గురించి అతనికి తెలిసిందంతా వాళ్ళు పారేసినవాటి వల్ల తెలిసిందే. వాటిలో చాలామటుకు బాగానే పనిచేసేవి. చెడిపోయినవాటిని కూడా పారెయ్యని ఇళ్ళ మధ్య పెరిగినవాడికి, బాగున్నవాటిని పారేసే ఇల్లు ఎలా ఉంటుందో ఎంత బుర్ర గోక్కున్నా అంతుపట్టేది కాదు.

ఇంట్లో ఉన్న తెల్ల ఫ్రిజ్ కూడా అలా వచ్చిందే. అక్కడెవరో వంటింటి గోడలకి కొత్త రంగు వేయించుకున్నారట, ఆ రంగుకి ఇది నప్పలేదట. అక్క కోసం తెచ్చాడు దాన్ని. అమ్మ పోయాక కుట్టుమిషను తొక్కి అతన్ని పెంచింది అక్కే. ఇప్పటికీ తొక్కుతూనే ఉంది. ఆవిడకి షుగరు. పొద్దునా సాయంత్రం ఇంజెక్షను పడాలి. ఆ మందుబుడ్లు చల్లగా ఉంటేనే పనిచేస్తాయి. ప్రభుత్వాసుపత్రిలో కొన్ని నెలలకి సరిపడా ఒకేసారి ఇచ్చి, మళ్ళీ అప్పటిదాకా మొహం చూపించొద్దంటారు.

ఆ ఫ్రిజ్‌కి ఇక్కడి కరెంటుతో పనిలేదు. ప్లగ్గు పెట్టింది ఇక్కడి గోడకే గానీ, అది తాగేది అక్కడి కరెంటు. వీధంతా చీకటైపోయి జనం విసనకర్రలు వెతుక్కుంటున్నప్పుడు కూడా అది తన మానాన తాను గుర్రుమంటూ ఉండేది. మీటరు చూసేవాడు ఒకసారి గుమ్మంలో ఆగి, "మీ ఫ్రిజ్ మీటర్లో పడట్లేదండీ," అన్నాడు.

"అది అక్కడి కరెంటండీ."

"అలాగా. అయితే అక్కడివాళ్ళే రాసుకుంటారు లెండి," అని పక్కింటికి పోయాడు.

ఎండలు ముదిరితే కరెంటు పూటలకి పూటలు పోయేది. అప్పుడు వీధివీధంతా అక్క వంటింట్లోకి వచ్చేది. ఒకరి పాలగిన్నె, ఒకరి చేపలు, తలసరి మేష్టారి కంట్లో వేసుకునే చుక్కలు. ఆయన కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. ఏ మాటైనా 'తలసరి' అని మొదలుపెడతాడు కాబట్టి ఆ పేరు. చీకటి పడ్డాక కరెంటు లేకపోతే అక్క ఫ్రిజ్ తలుపు తీసి, ఆ బల్బు వెలుగులో సూదిలోకి దారం ఎక్కించుకునేది.

"తలుపు అలా తీసి పెట్టకక్కా, కరెంటు దండగ."

"నీదేం పోయింది? వాళ్ళదేగా. నేను దారం ఎక్కించుకుంటే వాళ్ళ దేశం మునిగిపోదులే."

మేష్టారు చుక్కల కోసం వచ్చి స్టూలు మీద కూలబడేవాడు. "తలసరి ఆదాయం చూస్తే వాళ్ళకీ మనకీ ముప్పై రెట్లు తేడా, తెలుసా?"

"తల కూడా అంత పెద్దదా మేష్టారూ?" అనేది అక్క.

"తల అంతేనమ్మా. దిగుల్లోనే తేడా. స్విచ్చి వేసేటప్పుడు వెలుగుతుందా లేదా అని అక్కడివాడు అనుకోనే అనుకోడు. ఆ అనుకోకపోవడమే అసలు ఆస్తి."

మెకానిక్కుకి ఈ మాట నచ్చలేదు. దిగులు మీదే కదా అతని వ్యాపారం. ఫ్రిజ్ కొన్న ప్రతివాళ్ళకీ స్టెబిలైజరు అంటగట్టేవాడు. వోల్టేజీ ఎగిరిపడితే కాసుకునే ఆ ఇనపడబ్బా లేకుండా ఫ్రిజ్ పెట్టుకోవడం, తలుపుల్లేని ఇంట్లో పడుకోవడం లాంటిదని భయపెట్టేవాడు. ఒకరోజు ఒకాయన బేరం మధ్యలో ఆగి, "మరి మీ ఇంట్లోదానికి లేదటగా?" అన్నాడు. షాపులో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ వారమే వోల్టేజీ ఎగిరి ఎదురింటి టీవీ కాలిపోయింది.

సాయంత్రం స్టెబిలైజరు చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు.

"బాగా పనిచేస్తున్నదాన్ని ఎందుకురా కెలుకుతావు?" అంది అక్క, మిషను మీంచి తలెత్తకుండా.

"నీ మందుల కోసమేనక్కా. ముందుజాగ్రత్త."

అది అబద్ధం కాదు. సగం నిజం. మిగతా సగం షాపులో నవ్విన నవ్వు.

బిగించాడు. ఫ్రిజ్ ఒకసారి ఒళ్ళు జలదరించినట్టు కదిలి, మళ్ళీ అందుకుంది. మర్నాడు మీటరు గిరగిరా తిరుగుతోంది. "దారికొచ్చింది," అనుకున్నాడు, పైగా గర్వంగా. ఆ మధ్యాహ్నమే కరెంటు పోయింది. ఫ్రిజ్ కూడా ఆగిపోయింది. ఆ వంటింట్లో అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదు.

వీధివాళ్ళు వచ్చి ఎవరి గిన్నెలు వాళ్ళు తీసుకున్నారు. "పాపం, అలవాటు పడిపోయింది," అంది చేపలావిడ. "ఎన్నాళ్ళని పరాయిదానిలా ఉంటుంది?"

అతను స్టెబిలైజరు పీకేశాడు. ఫ్రిజ్ మారలేదు. ప్లగ్గు మార్చాడు, వైరు మార్చాడు, గోడ మార్చాడు. కరెంటుని నమ్మకూడదని ఆ ఇనపడబ్బా దానికి చెప్పేసింది. ఇక ఏం చేసినా అది మర్చిపోయేలా లేదు.

మందుల షాపు కుర్రాడికి సంగతి తెలిసింది. వాళ్ళకి జనరేటరుంది. "అక్కయ్యగారి బుడ్లు మా దగ్గర పెట్టండి, కావాల్సినప్పుడు తీసుకెళ్ళొచ్చు," అన్నాడు.

"మెకానిక్కు ఇంటి మందులు ఊళ్ళోవాళ్ళ ఫ్రిజ్‌లోనా? రెండ్రోజుల్లో బాగుచేస్తాను," అన్నాడు అతను.

అక్కతోనూ అదే అన్నాడు. ఆవిడ నమ్మింది. తమ్ముడు అన్నాక నమ్మక ఏం చేస్తుంది? రెండ్రోజులు కాస్తా ఎండాకాలమంతా సాగాయి. బుడ్లు చూడ్డానికి ఎప్పటిలాగే ఉన్నాయి. ఆవిడ ఎప్పటిలాగే పొడుచుకుంటూనే ఉంది. నీరసంగా ఉందని ఒకటి రెండుసార్లు అంది. ఎండలకి అందరికీ అలాగే ఉందన్నాడు. మిషను పెడలు అంచు కొట్టుకుని కాలి బొటనవేలి దగ్గర పుండు పడింది. నొప్పి తెలియలేదు కాబట్టి ఆవిడ చెప్పలేదు. వాసన వచ్చాక తెలిసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, "మందు ఎక్కడ పెడుతున్నారు?" అని అడిగింది.

"ఫ్రిజ్‌లోనేనండీ," అంది అక్క, కొంచెం గొప్పగానే. "మంచి ఫ్రిజ్. బయటిదేశంది."

డాక్టరమ్మ బుడ్డి తీసుకుని వేళ్ళ మధ్య తిప్పింది. "ఎండలో పెట్టినట్టే ఉందమ్మా. ఇందులో ఇంక మందు లేదు." మెకానిక్కు గోడకున్న స్విచ్చిబోర్డు వంక చూస్తూ నిలబడ్డాడు. దాని స్క్రూ ఒకటి వదులై ఉంది.

కుడికాలు చీలమండ పైదాకా తీసేశారు.

మేష్టారు చూడ్డానికొచ్చి, వరండా బల్ల మీద అతని పక్కన కూర్చున్నాడు. "అక్కడైతే..." అని మొదలుపెట్టాడు. అతని మొహం చూసి ఆగిపోయాడు.

అక్క ఇంటికొచ్చిన వారానికి అతను మిషనుకి బిగించే చిన్న మోటారు తెచ్చాడు. మీట నొక్కితే చాలు, తొక్కే పని లేదు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కరెంటు పోతే?"

అతను మోటారు వైరుని చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు.

"నువ్వే ఉంచుకోరా దాన్ని," అని, కుడిచేత్తో మిషను చక్రం తిప్పుతూ, ఎడంచేత్తో గుడ్డ తోస్తూ కుట్టడం మొదలుపెట్టింది. ఇదివరకు పూటలో అయ్యే పని ఇప్పుడు రెండు రోజులు పడుతోంది. బట్టలిచ్చేవాళ్ళు తగ్గారు. ఉన్నవాళ్ళు తొందరపెట్టడం మానేశారు, ఆవిడకి అదే ఎక్కువ బాధ. అతన్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని అతను రోజూ వంటింటి గుమ్మం దగ్గర కాసేపు నిలబడతాడు. ఆవిడ చక్రం ఆపదు.

ఇప్పుడు అతని చేతిలో బాగుపడని వస్తువంటూ లేదని ఊళ్ళో పేరు. మోటార్లు, పంపులు, ఆఖరికి గోడగడియారాలు కూడా. మొన్నొకావిడ ఎండకి తాళలేక షాపు నీడలో సంచీ దింపి మంచినీళ్ళడిగింది. సంచీలో చిన్న రేడియో పాడుతోంది, ఏ గరగరా లేకుండా. ఆవిడ గ్లాసు దింపేసరికి రేడియో వెనకమూత బల్ల మీద ఉంది. అతని చేతిలో స్క్రూడ్రైవరు ఉంది.

"అదేంటండీ, అది బాగానే ఉందిగా?" అంది ఆవిడ.

ఉంది. బాగున్నదాన్ని చూసి చేతులు కట్టుకుని ఊరుకోవడం ఎలాగో అతనికి ఇంకా రాలేదు.