మంచుదేశానికి ఎందుకొచ్చారు?

మూడో తరగతి గోడ మీది ఆ చీటీ రాయించింది మీరే. పిల్ల కాదు, పిల్ల తల్లి కాదు, మీరు. "ఎనిమిదేళ్ళ పిల్లకి ఇంతంత మాటలు ఎవరు నేర్పారమ్మా" అని ముక్కున వేలేసుకున్నారే, నేర్పింది మీరేనని చెబుతున్నాను. "సర్దుకుపో తల్లీ" అని ఫోను పెట్టేసిన అన్నయ్య. గోడ అవతల అలికిడి వినగానే టీవీ సౌండు పెంచిన పక్కింటివాళ్ళు. "మావాడు చెయ్యి చేసుకునే రకం కాదు" అని పెళ్ళిచూపుల్లోనే పూచీ పడ్డ అత్తగారు. "ఇంటి గొడవలు బడి గేటు బయట వదిలేసి రావాలి టీచర్ గారూ" అన్న హెడ్మాస్టరు. ఒక్కళ్ళూ తప్పించుకోలేరు. వినండి.

ఆమె మూడో తరగతి టీచరు. ముప్పై ఆరుమంది పిల్లలు, అందులో ఒకత్తి సొంత కూతురు. బడిలో ఆ పిల్ల తల్లిని అందరిలాగే "టీచర్" అంటుంది, ఇంటికెళ్ళాక "అమ్మా" అంటుంది, ఒక్కరోజు కూడా పొరబడలేదు. ఎక్కడ ఎలా ఉండాలో దానికి అంత బాగా తెలుసు. నడిస్తే అడుగుల చప్పుడు వినపడదని నాయనమ్మ దానికి పిల్లిపిల్ల అని పేరు పెట్టి మురిసిపోయేది. పిల్ల చప్పుడు కాకుండా నడవడం ఎందుకు నేర్చుకుందో ఆవిడ అడగలేదు. మీరూ అడగలేదు.

ఈ టర్ము మొదట్లో హెడ్మాస్టరు ఎక్కడో చూసొచ్చి, "మూడో తరగతి మూడు నెలలూ ఒకే దూరదేశం గురించి చదవాలి, ఆఖర్న ప్రదర్శన పెట్టాలి" అన్నాడు. "మీరైతే ఓపిగ్గా చేస్తారు టీచర్ గారూ, ఆడవాళ్ళకి ఓపిక దేవుడిచ్చిన వరం" అని కూడా అన్నాడు. దేవుడిచ్చాడో లేదో గానీ హెడ్మాస్టరు మాత్రం అట్టముక్క కూడా ఇవ్వలేదు. పిల్లలు పటంలో పై అంచున ఉన్న ఒక చిన్న దేశాన్ని ఎంచుకున్నారు, మంచుదేశం అని పిలుచుకున్నారు. అక్కడ మనుషులకన్నా గొర్రెలు ఎక్కువని తెలిసిన రోజున పెద్ద తగువు జరిగింది. మనం ముప్పై ఆరుమందిమి కాబట్టి గొర్రెలు అంతకన్నా ఎక్కువ ఉండాలి, లేకపోతే అది మంచుదేశమే కాదు. సరే, నలభై. ఆ నలభై దూది గొర్రెలూ వంటింటి గట్టు మీదే పుట్టాయి, అన్నం ఉడికేలోపు నాలుగు, బట్టలు ఆరేసి వచ్చి మూడు. "కూరలో దూది వస్తోంది" అంది అత్తగారు. "ఊళ్ళో పిల్లలందరికీ దేశాలు చూపిస్తుంది, ఇంట్లో మొగుడికి వేడి అన్నం చూపించలేదు." ఆమె భర్త కంచంలోంచి దూదిపోగు ఒకటి తీసి అంచుమీద పెట్టి, చిన్నగా నవ్వి, "తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు.

ఈ మాట దగ్గర ఆగాలి. ఆమె తెలుగు చెప్పే మనిషి. "మాట్లాడుకుందాం" అంటే ఇద్దరుండాలి, నువ్వొకటి నేనొకటి అనుకోవాలి, వ్యాకరణం అదే చెబుతుంది. ఆ ఇంట్లో ఆ మాటకి వేరే అర్థం ఉంది. గది తలుపు గడియ పడుతుంది, పిల్ల బయట కూర్చుంటుంది. ఆమె గోడకి ఆనుకోకుండా నిలబడాలి. ఆయన కుర్చీలో కూర్చుని, గొంతు ఒక్కసారైనా పెంచకుండా, రెండు గంటలు, ఒక్కోసారి మూడు, ఆమె ఎంత పనికిమాలినదో విడమరిచి చెబుతాడు. ఆఖర్న దాన్ని ఆమె చేత తిరిగి అప్పజెప్పించుకుంటాడు. ఒక మాట తప్పిపోతే మొదటినుంచి. ఒకసారి అప్పజెప్పనంది. అప్పటినుంచి ఆమె కుడిచేతి చిటికెనవేలు వంగదు. తలుపు సందులో పడిందని అందరికీ చెప్పింది, అందరూ హాయిగా నమ్మారు. అన్నయ్యకి మాత్రం నిజం చెప్పింది. అన్నయ్య "రోజూ కొడతాడా? లేదుగా. మాట్లాడతాడు, అంతేగా. మాట్లాడే మొగుడు దొరకలేదని ఏడ్చేవాళ్ళు ఎంతమంది లేరు" అన్నాడు. జోకనుకుని నవ్వాడు కూడా.

పిల్లలకి మంచుదేశం సంగతులన్నిట్లోకీ ఒకటి తెగ నచ్చింది. అక్కడ పసిపిల్లల్ని దుప్పట్లో చుట్టి, తోపుడుబండిలో ఆరుబయటే నిద్రపుచ్చి, అమ్మలు లోపల కూర్చుని కాఫీ తాగుతారట. క్లాసంతా గోలగోల. చలెయ్యదా? ఎవరూ ఎత్తుకుపోరా? కుక్క నాకదా? పిల్లిపిల్ల చెయ్యెత్తింది. "టీచర్, మరి వాళ్ళ నాన్న ఇంటికొచ్చి అమ్మని ఏమీ అనడా?" అందరూ నవ్వారు. టీచరు బోర్డు వైపు తిరిగి, ఇంకా ఏమీ రాయని బోర్డుని తుడిచింది.

ఇక ఆ చీటీ. ప్రదర్శన కోసం ఆమె తరగతి తలుపు దగ్గర బల్ల వేసి, మంచుదేశంలోకి వచ్చేవాళ్ళని ఆఫీసర్లు ప్రశ్నలడిగి ముద్ర వేసే ఆట పెట్టింది. ప్రతి పిల్లా ఒక చీటీ నింపాలి. ఎందుకొచ్చారు? ఎన్నాళ్ళుంటారు? ప్రశ్నలు ఆమే రాసింది. ఆమె అట్టతో చేసిన నిప్పుకొండకి రంగు వేస్తుంటే పిల్లలే రాసుకుని పిల్లలే గోడకి అంటించుకున్నారు.

ప్రదర్శన రోజు పొద్దున్న తొమ్మిదిన్నరకి చూసింది. మూడో వరసలో, కిటికీ పక్కన, కూతురి గుండ్రటి అక్షరాలు. చూసి అక్కడే కొయ్యబారిపోయింది. చింపడానికి చెయ్యి వెళ్ళింది.

"ఏం రాసుందమ్మా అందులో, అట్లా అయిపోయావు?" నేల తుడుస్తున్న ఆయా అడిగింది. ఆయాకి చదువు రాదు.

చదివి వినిపించింది. తన గొంతు తనకే ఎవరిదోలా వినపడింది. "ఎందుకొచ్చారు? అమ్మకి నిద్ర పట్టడానికి. ఎన్నాళ్ళుంటారు? నాన్న కనుక్కునేదాకా."

ఆయా తుడుపుగుడ్డ బకెట్లో వేసి, నడుం మీద చేతులు పెట్టుకుంది. "పిల్లకి లెక్క తెలుసు. మా ఆయన నన్ను కనుక్కోడానికి పదకొండు రోజులు పట్టింది."

"నువ్వు వెళ్ళిపోయావా? ఎప్పుడు? ఎవరు చెప్పారు ఆయనకి?"

"ఇంకెవరు, మా అన్నే. నీ మంచికే అన్నాడు." ఆయా గుడ్డ పిండింది. "చాటుగా పోయానమ్మా, అదీ నేను చేసిన తప్పు. ఎవరికీ తెలియకుండా పోయినదాన్ని ఎవరికీ తెలియకుండానే ఈడ్చుకొచ్చారు. ఎవడూ ఇదేమిటని అడగలేదు. అడగడానికి ఎవడికి తెలుసు గనక?"

అంతలో హెడ్మాస్టరు ఇస్త్రీ చొక్కాలో లోపలికొచ్చాడు. "టీచర్ గారూ, శుభవార్త! పెద్దాఫీసరు గారు రాలేనన్నారు. ఏం చెయ్యాలా అనుకుని మీ ఇంటాయనకి ఫోను కొట్టాను. మన కొళాయిలు వేయించింది ఆయనేగా, అంత పెద్ద ఇంజినీరు! వెంటనే ఒప్పుకున్నారు పాపం. పదింటికి రిబ్బను ఆయనే కట్ చేస్తారు. మీకు చెప్పొద్దన్నారు, సరదాకి."

ఆయన ఈ బడికి రాడు, ఈ గోడ చూడడు, ఆ ఒక్క ధైర్యంతోనే ఆమె ఇందాకటిదాకా నిలబడి ఉంది. హెడ్మాస్టరు ఆమె చూపు వెంట చీటీని చూశాడు. చదివాడు. అటూ ఇటూ చూశాడు. "ఇదేమిటండీ? తీసెయ్యండి. ముందు తీసెయ్యండి. మనకెందుకండీ ఇవన్నీ." గేటు దగ్గర హారను మోగింది. మీసం దువ్వుకుంటూ పరిగెత్తాడు.

ఆమె చీటీ అంచు పట్టుకుంది. బల్ల దగ్గర ఆఫీసరు టోపీ పెట్టుకుని ముద్ర పట్టుకున్న పిల్లిపిల్ల ఆమెనే చూస్తోంది.

"తప్పు రాశానా టీచర్?"

పదేళ్ళుగా పేపర్లు దిద్దుతోంది. సరైన జవాబు మీద ఎర్రగీత ఎప్పుడూ పెట్టలేదు. "లేదు" అంది. "తప్పులేమీ లేవు." చెయ్యి దించేసింది. ధైర్యం వచ్చి కాదు, ధైర్యం ఎక్కడిది! కూతురి కళ్ళెదుట చింపడానికి చేతులు రాలేదు, అంతే.

ఆయన వచ్చాడు. చప్పట్లు. రిబ్బను కట్ చేశాడు. తల్లులూ తండ్రులూ వెనకాల మూగారు. బల్ల ముందు వంగి, "ఆఫీసరు గారూ, నన్ను మీ దేశంలోకి రానిస్తారా?" అన్నాడు. అందరూ ఫక్కున నవ్వారు. ఎంత సరదా మనిషో, అంది ఎవరో. పిల్లిపిల్ల ముద్రని రెండు చేతులా దగ్గరికి లాక్కుంది. పక్కనున్న రెండో ఆఫీసరు, పళ్ళూడిన బుడ్డోడు, అడిగాడు. "ఎందుకొచ్చారు?"

"మా ఆవిడ ఏం వెలగబెడుతోందో చూద్దామని." మళ్ళీ నవ్వులు.

పిల్లిపిల్ల ముద్ర వెయ్యలేదు. ఆయన ఆగనూ లేదు. గోడ దగ్గరికెళ్ళి ఒక్కో చీటీ పైకి చదివాడు. గొర్రెల్ని లెక్కపెట్టడానికి. మంచు తినడానికి. అక్కడ హోంవర్కు ఉండదని మా అక్క చెప్పింది. మూడో వరస కిటికీ దగ్గర గొంతు ఆగింది. పెదవి మీద నవ్వు మాత్రం అట్లాగే ఉంది. వెనకనున్న ఒక తల్లి ఆయన భుజం మీదుగా వంగి చదవబోయి, "అమ్మకి నిద్ర పట్టడా..." అని నోరు మూసుకుంది.

ఆయన వాచీ చూసుకున్నాడు. "చేతిరాత బావుంది. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

ఎవరికీ అందులో ఏమీ వినపడలేదు. ఏ ఆలుమగలైనా అనుకునే మాటే. ఆమెకి మాత్రం గడియ పడిన చప్పుడు వినపడింది. "సరేనండీ" అని నోటి దాకా వచ్చేసింది, పదకొండేళ్ళ అలవాటు. అప్పుడు పిల్లిపిల్ల టోపీ తీసి, ముద్ర పెట్టెలో సర్ది, మునివేళ్ళ మీద నడుచుకుంటూ తన సంచీ దగ్గరికి వెళ్ళింది. ఆ గది బయట కూర్చోవడానికి పిల్ల ఇక్కడినుంచే తయారవుతోంది.

"ఇక్కడే మాట్లాడండి" అంది ఆమె.

"ఏంటి?"

"ఇంటికెళ్ళాక కాదు. ఇక్కడే. వీళ్ళందరి ముందర."

ఆయన జనం వైపు తిరిగి నవ్వాడు. "అలిసిపోయింది. పది రోజులుగా నిద్ర లేదు, పాపం." హెడ్మాస్టరు అందుకున్నాడు. "అవునవును! రండి సార్, రండి, టీ చల్లారిపోతుంది."

ఆమె ఒక బెంచీ పట్టుకుని నిలబడింది. గొంతు పీలగా, మూడో తరగతి పిల్ల పద్యం అప్పజెప్పినట్టు వచ్చింది.

"నాకు భయంగా ఉంది. ఈయనంటే నాకు భయం. ఆ చీటీలో ఒక్క తప్పు లేదు, నేను చెప్పి రాయించలేదు. ఈ వేలు తలుపులో పడలేదు. ఇవాళ నేనూ నా కూతురూ ఆ ఇంటికి వెళ్ళం. చాటుగా పోను. ఎవరింట్లో ఉన్నామో మీ అందరికీ తెలియాలి, ఈయనకి కూడా తెలియాలి, ఈయన ఆ గుమ్మం ముందుకొస్తే ఎందుకొచ్చావని మీరంతా అడగాలి. హెడ్మాస్టరు గారూ, టీ తర్వాత. మేము గేటు దాటేదాకా ఈయన పక్కన నిలబడండి, అంతకన్నా ఏమీ వద్దు. మిగతావాళ్ళు నా వైపు చూడండి, నేల వైపు కాదు. మీ పిల్లల్ని మూడు నెలలు మంచుదేశం తిప్పుకొచ్చాను. ఈ ఊళ్ళో మా ఇద్దరికీ చోటు ఎవరింట్లో ఉంది? లేచి నిలబడనక్కర్లేదు, నన్ను ఓదార్చనక్కర్లేదు. చోటున్నవాళ్ళు చెయ్యెత్తండి. ఇప్పుడే ఎత్తండి."