హన్మాండ్లు తలలో పడవ

దోహాలో వెస్ట్ బే వైపు ఎటు చూసినా క్రేన్లే కనిపించే రోజులవి. చమురు, గ్యాసు డబ్బు పొంగి పొర్లుతోంది. కట్టించేవాళ్ళకు ఆగలేని తొందర, కట్టేవాళ్ళకు చేతినిండా పని. అలాంటి రోజుల్లో టవర్ క్రేన్ ఆపరేటరంటే కార్మికుల క్యాంపులో పెళ్ళికొడుకే. మన హన్మాండ్లు అటువంటి పెళ్ళికొడుకు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి, మొదట్లో ఇటుకలు మోసి, తర్వాత క్రేన్ నేర్చుకొని పైకొచ్చాడు. ఆకాశంలో అద్దాల గది, అందులో ఒక కుర్చీ, కింద సముద్రం. "మా సర్పంచికి గూడ గంత ఎత్తు కుర్సీ లేదు" అని ఇంటిదగ్గర భార్య భూమవ్వ వాడకట్టంతా చెప్పుకునేది.

ఆ కుర్చీకే ఇప్పుడు గండం వచ్చిపడింది.

జరిగింది చిన్నదే. ఒకరోజు కాంక్రీటు పలకను కిందికి దించుతుంటే ఉన్నట్టుండి దుమ్ముగాలి లేచింది. పలక గిర్రున తిరిగి, కింద నిలబడి చేతులతో సైగలు చేస్తున్న బుచ్చన్న మీదికి వచ్చింది. బుచ్చన్నది అదే ఊరు, హన్మాండ్లుకు వరసకు బావ. పలక అంచు తగిలి అతని హెల్మెట్ ఎగిరిపోయింది గానీ మనిషికి గీత కూడా పడలేదు. బుచ్చన్న దుమ్ము దులుపుకొని లేచి, "ఏం బామ్మర్దీ, నా మీద కోపముంటె నోటితోని చెప్పరాదా!" అన్నాడు. సైటంతా నవ్వింది. హన్మాండ్లు కూడా నవ్వాడు.

నవ్వాడు గానీ, ఆ రోజు నుంచి కంటిమీద కునుకు లేదు. కళ్ళు మూస్తే పలక తిరగడమే కనిపించేది. రాత్రి ఎప్పుడు లేచినా పక్క మంచం మీది నుంచి బుచ్చన్న ఏదో ఒక పరాచికంతో మేలమాడుతూనే ఉండేవాడు. పగలు లివర్ల మీద చెయ్యి పెడితే వేళ్ళు వణికేవి. సేఫ్టీ ఆఫీసరు రామమోహన్ తనిఖీకి పైకొచ్చి ఆ వణుకు చూశాడు, చూసిన వెంటనే కిందికి దింపేశాడు.

రామమోహన్‌ది కాకినాడ. మాట మెత్తన, రూలు గట్టి.

"కంపెనీ డాక్టరు గారు రాసిన నిద్రమాత్ర మంచిదేనయ్యా, వేసుకో. కానీ అది వేసుకున్నవాణ్ణి నేను క్రేనెక్కనివ్వను."

"ఏసుకోకుంటె నిద్ర రాది సార్."

"నిద్ర లేనివాణ్ణీ ఎక్కనివ్వను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆపరేటర్లు దొరకని రోజులు కాబట్టి రామమోహనే మళ్ళీ డాక్టరుతో మాట్లాడి మూడో దారి కనుక్కొచ్చాడు. అల్ ముంతజాలో ఒక క్లినిక్ ఉందట. మందూ మాత్రా లేకుండా, తలకు వైర్లు అంటించి కంప్యూటర్‌తో మెదడుకు నెమ్మది నేర్పుతారట. దాని పేరు న్యూరోఫీడ్‌బ్యాక్. "కొన్నాళ్ళు చూద్దాం. అప్పటికీ చేతులు వణికితే కింద యార్డులో హెల్పరుగా వేస్తాను, ఏమనుకోకు" అన్నాడు.

ఆ మాట హన్మాండ్లు గుండెల్లో దిగబడింది. హెల్పరు పని నామోషీ కాదు, ఒకప్పుడు చేసిందే. కానీ ఎక్కిన మెట్లు భయంతో దిగిరావడం వేరు.

క్యాంపులో బుచ్చన్న నోటికి మంచి మేత దొరికింది. "తలకాయకు కరెంటు వెడుతరట. రేపటి సంది మా బామ్మర్ది నెత్తికి ఫోన్ చార్జింగ్ వెట్టుకోవచ్చు!" అని గదిగదికీ చాటింపు వేశాడు.

క్లినిక్‌లో వైర్లు అంటించే ఆమె పేరు రెహానా. బోధన్ పిల్ల. ఉర్దూ ఎంత తియ్యగా మాట్లాడుతుందో తెలుగూ అంతే. హన్మాండ్లు కుర్చీ అంచున, బస్సులో టికెట్ లేనివాడిలా కూర్చోవడం చూసి ఆమెకు సంగతి అర్థమైంది.

"కరెంటు పెట్టమన్నా, భయపడకుండ్రి. డాక్టర్ స్టెతస్కోప్ పెట్టి గుండె ఇంటడు గద, గట్లనే ఇవి మీ మెదడును ఇంటయి. అది నిమ్మలంగుంటె తెర మీద పడవ నడుస్తది. గుంజుకుంటె పడవ ఆగుతది. చూసి చూసి మెదడే నేర్చుకుంటది."

"గ్యారంటీయేనా మేడం?"

"కొందరికి పన్జేస్తది, కొందరికి జెయ్యది. అబద్ధమెందుకు చెప్పాలె?"

ఆ మాటతో ఆమె మీద నమ్మకం కుదిరింది. కుదరనిది పడవతోనే. తెర మీద నీలం సముద్రం, అందులో బొమ్మంత తెరచాప పడవ. నడవాలి, అంతే. హన్మాండ్లు దాన్ని డ్యూటీగా తీసుకున్నాడు. పళ్ళు బిగించాడు, కుర్చీ చేతుల్ని లివర్లలా పట్టుకున్నాడు, ఊపిరి బిగబట్టి పడవను కళ్ళతోనే నెట్టాడు. అది మేకు కొట్టినట్టు నిలబడిపోయింది.

"అన్నా, మీరేం పని జెయ్యకుండ్రి. ఊకె కూసోండ్రి" అంది రెహానా.

"ఊకె కూసునేందుకైతె గింత దూరం ఎందుకస్త మేడం?"

అక్కడే వచ్చింది చిక్కు. ఇన్నేళ్ళుగా అతను నేర్చిందల్లా పనే. పని కాకపోతే ఇంకాస్త బలం పెట్టడం. బలం పెట్టేకొద్దీ కదలనిది ఒకటుంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. వెళ్ళిన ప్రతిసారీ అదే తంతు. పడవ ఒక్కోసారి జానెడు కదిలేది, అతనికి ఆశ పుట్టేది, ఆశ పుట్టగానే ఆగిపోయేది.

ఫోన్లో భూమవ్వకు చెప్పుకుంటే ఆమె ఒంటికాలి మీద లేచింది. గల్ఫ్ అంతా ఆమెకు దుబాయే. "దుబాయ్ ఎండకు నీ తలకాయ ఉడికింది, గంతె. వైర్లేంది, పడవలేంది? మంచిగ ఆముదం పెట్టు. మన వాడకట్టు గంగామణి తమ్ముడు ఆడికి అస్తుండు, సీసా పంపుతున్న."

సీసా వచ్చింది. గానుగాముదం, చిక్కగా, పచ్చగా. హన్మాండ్లు ఆలోచించాడు. వైర్ల మందు ఒకటి, భూమవ్వ మందు ఒకటి, రెండూ కలిస్తే తిరుగేముంటుంది? క్లినిక్‌కు వెళ్ళే ముందు శుభ్రంగా తలస్నానం చేసి, సీసాలో సగం మాడుకు పట్టించి, చెవుల మీదికి కారుతుంటే తుడుచుకుంటూ బయల్దేరాడు. టాక్సీ డ్రైవరు నాలుగు కిటికీలూ దించాడు.

రెహానా వైరు చివరి బిళ్ళ ఒకటి తలకు అంటించింది, జారింది. ఇంకోటి అంటించింది, అదీ జారి అతని ఒళ్ళో పడింది. అప్పుడు ఆమె ముక్కు ఎగబీల్చింది.

"యా అల్లా! ఇది ఆముదం గాదా?"

"ఔ మేడం. మా ఇంటిది పంపింది. సల్లగుంటదని."

ఆమె నవ్వు ఆపుకోవాలని చూసింది గానీ వల్లకాలేదు. "మా నానమ్మ హబీబున్నీసా గూడ గిట్లనే రుద్దేది అన్నా, బడికి పోతె నా పక్కకు ఎవ్వలు కూసోకపోయేది!" అని గోడ పట్టుకొని నవ్వింది. తర్వాత షాంపూ చేతికిచ్చి వాష్ బేసిన్ దగ్గరికి పంపింది. ఒకసారి రుద్దితే పోలేదు, రెండుసార్లకూ పోలేదు. చొక్కా తడిసింది, కళ్ళు మండాయి, అరగంట గడిచిపోయింది. చివరికి ఎలాగో బిళ్ళలు అంటుకున్నాయి.

"ఇయ్యాల టైమ్ అయిపోయిందన్నా. ఇది లెక్కల రాదు. వైర్లు ఖరాబైనయో ఏమో చూస్తున్న, ఊకె కూసోండ్రి."

లెక్కలోకి రాదంటే డ్యూటీ కాదన్నట్టే. హన్మాండ్లు కుర్చీలో వెనక్కి వాలాడు. ఏసీ గాలికి తడి తల చల్లగా ఉంది. బడిలో ఆముదం వాసనతో ఒంటరిగా కూర్చున్న చిన్న రెహానా కళ్ళ ముందు మెదిలి నవ్వొచ్చింది. చేతులు ఒళ్ళో ఉన్నాయని కూడా అతనికి తెలియదు.

"అన్నా, చూసిన్రా?" అంది రెహానా మెల్లగా.

పడవ నడుస్తోంది. తెరకు ఆ చివరి నుంచి ఈ చివరికి, ఎవరూ నెట్టకుండా, హాయిగా. హన్మాండ్లు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. షాంపూ మంట అనుకుందామంటే అది ఎప్పుడో తగ్గిపోయింది.

"గిదేనా చెల్లె, నిమ్మలమంటె?"

"గిదే."

దారి తెలిశాక నడక సులువైంది. తర్వాత వెళ్ళినప్పుడల్లా పడవ కాస్త కాస్త ఎక్కువసేపు నడిచింది. నిద్ర ఒకేసారి రాలేదు. కొత్తకోడలిలా గడప దగ్గర కొన్నాళ్ళు తచ్చాడి, మెల్లగా లోపలికొచ్చింది.

రామమోహన్ పరీక్ష పెట్టాడు. అదే క్రేన్, అలాంటి పలకే, కింద సైగలకు బుచ్చన్నే. "ఒక్క పలక దించు. చేతులు వణికితే రేపటి నుంచి యార్డు" అన్నాడు.

హన్మాండ్లు నిచ్చెన ఎక్కి కుర్చీలో కూర్చున్నాడు. లివర్లు పట్టుకోగానే వేళ్ళు బిగుసుకున్నాయి. పాత హన్మాండ్లయితే ఇంకా బిగించేవాడు. ఇప్పుడు చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వాకీటాకీలో ఇంజనీరు తొందరపెడుతూ "యల్లా, యల్లా!" అని అరుస్తున్నాడు. "జర ఆగుండ్రి సార్" అన్నాడు హన్మాండ్లు. అరుపు అరుస్తూనే ఉంది, సముద్రం సముద్రంలా ఉంది. పళ్ళ మధ్య బిగువు దానంతటదే వదిలింది. అప్పుడు లివర్ కదిపాడు.

పలక లేచింది, తిరిగింది, దిగడం మొదలుపెట్టింది. సగానికి వచ్చాక హన్మాండ్లు కిందికి చూశాడు. బుచ్చన్న నిలబడాల్సిన చోట లేడు. బాగా వెనక్కి, ఇనుప చువ్వల కుప్పకు వీపు ఆనించి ఉన్నాడు. 'దించు' అని చూపే చెయ్యి గాలిలో ఆడుతోంది. సైగ అయితే అంత ఆడదు.

సైగ తేటగా లేకపోతే బరువు కదపకూడదు. అది క్రేన్ మీద మొదటి పాఠం. హన్మాండ్లు పలకను అలాగే ఆపి వాకీటాకీ నొక్కాడు.

"బావా, తొందరేం లేదు. పలక నా చేతుల ఉన్నది. నీకు నిమ్మలమైనంక చెప్పు."

కింద బుచ్చన్న చువ్వల కుప్ప నుంచి వీపు తీశాడు. తర్వాత ఒక అడుగు ముందుకు వేశాడు, ఇంకో అడుగు వేశాడు. చెయ్యి నిలిచింది. పలక నేల మీద పసిపిల్లను పడుకోబెట్టినట్టు దిగింది. రామమోహన్ తల ఊపి, రేపటి డ్యూటీ చార్టులో హన్మాండ్లు పేరు క్రేన్‌కే వేయమన్నాడు.

సాయంత్రం కంపెనీ బస్సులో అందరూ హన్మాండ్లు భుజాలు చరిచారు. బుచ్చన్న మాత్రం పక్క సీట్లో ఒక్క మేలమూ ఆడలేదు. బస్సు ఐన్ ఖాలిద్ దాటాక, కిటికీ వైపే చూస్తూ గొంతు తగ్గించి అన్నాడు.

"బామ్మర్దీ. గా బోధన్ చెల్లె కాడికి నన్ను గూడ తోల్కపోతవా? గా పలక అచ్చిన కాడికెల్లి నాకు గూడ కన్ను మూతవడ్తలేదు."

హన్మాండ్లుకు ఆ రాత్రులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. తను ఎప్పుడు లేచినా పక్క మంచం మీది నుంచి వినిపించిన ఆ పరాచికాలు. తన భయమే తనకు కొండంతగా కనిపించి, దాని వెనక ఇంకో మనిషి ఉన్నాడని చూడనే లేదు. ఒళ్ళో ఉన్న బావ చెయ్యి మీద తన చెయ్యి వేశాడు.

"తోల్కపోత బావా" అన్నాడు. "గని ఆముదం వెట్టుకొని రాకు."