పోపుకు ముందు

నాకు వాసన తెలియదు. రెండేళ్ల కిందట వచ్చిన జ్వరం తగ్గింది గానీ పోతూ పోతూ ముక్కును పట్టుకుపోయింది. ఈ సంగతి మా అమ్మాయి హుమేరాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. వాసన తెలియని వంటమనిషిని పెళ్లికి పిలిచేదెవరు? ఉల్లిపాయ వేగిందీ లేనిదీ చప్పుడును బట్టి, రంగును బట్టి పట్టేస్తాను. అనుమానమొస్తే పక్కనుండి హుమేరా చెబుతుంది.

అలాంటి నన్ను గురజాలలో ఒక పాత మిర్చి గోడౌనుకు తీసుకొచ్చి, వాసనలతో నాటకం ఆడిద్దామంది యశస్విని. హైదరాబాదులో నాటకాలు చదువుకొచ్చిన పిల్ల. కథ మన పల్నాటి చాపకూడే, అన్ని కులాలూ ఒక్క చాప మీద తిన్న కథ. నలభై మంది కళ్లకు గంతలు కట్టుకుని చాపల మీద కూర్చుంటారు. పక్కనున్నది ఏ కులమో తెలియదు. ఒకపక్క కథ, ఒకపక్క వంట. వాసన చూస్తూ, వింటూ తింటారు. ఏం జరిగినా గంత తీయకూడదని షరతు. బోర్డు మీద 'అక్తర్ బేగం వంట' అని పెద్దక్షరాలతో రాయించింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే నేనే.

నాటకం ఆడిన ఆదివారం మధ్యాహ్నం పరీక్ష ఉండి హుమేరా రాలేదు. చాపకూడు ఘట్టం బాగానే గడిచింది. వేటకూర తిని జనం వేళ్లు నాకారు. తర్వాత కారంపూడి యుద్ధం. స్పీకర్లలో డప్పులు మోగుతుండగా నేను పొయ్యి వెలిగించి, నూనె కాగాక ఎండుమిర్చి, వెల్లుల్లి వేయాలి. ఆ చుయ్యిమనే చప్పుడూ ఆ ఘాటే మా యుద్ధం.

లైటర్ చేతిలోకి తీసుకున్నాను. అటు చివర ఎత్తు బల్ల మీదున్న యశస్విని చెయ్యి ఊపితే నొక్కాలి.

ముందు వరసలో హనుమంతరావన్న ముక్కు ఎగబీల్చాడు. నకరికల్లు రైతు. పోయినేడాది వాళ్లమ్మాయి పెళ్లికి వండింది నేనే.

"ఏందమ్మా ఈ కంపు? కుళ్లిన కోడిగుడ్డు మాదిరుంది."

"యుద్ధం గదా బాబాయ్, శవాల వాసన పెట్టుంటారు," అంది పక్కనున్నామె. "చానా బాగా చేశారు."

చుట్టూ నవ్వారు. మేం శవాల వాసనేమీ పెట్టలేదు.

పక్క పొయ్యి వైపు చూశాను. సన్నమంట మీదున్న పప్పుచారు పొంగి కిందికి కారింది. మంట లేదు. నాబ్ తెరిచే ఉంది. డప్పుల మోతలో గ్యాసు బుస వినబడనేలేదు. ఎంతసేపటి నుంచి పోతోందో అల్లాకే తెలియాలి.

యశస్విని చెయ్యి ఊపింది. నేను లైటర్ కింద పెట్టి, నాబ్ తిప్పి, సిలిండర్ కట్టేసి, పరుగున పోయి తలుపు తీశాను.

"గ్యాసు లీకయింది. లేవండి, బయటికి పదండి."

ఒక్కరూ కదల్లేదు. కథలో కొత్త మలుపనుకున్నారేమో, కొందరు గంతల కిందే నవ్వుతున్నారు. యశస్విని కంగారుగా డప్పులు ఆపబోయింది.

"స్విచ్చి ముట్టుకోమాకమ్మా," అని అరిచాను.

"గ్యాసయితే పొయ్యి కాడున్న నీకు ముందు తెలవదా అక్తరమ్మా?" అన్నాడు హనుమంతరావన్న. "ఆట పట్టించమాక."

ఆ మాటకు నా దగ్గరున్న జవాబు ఒక్కటే.

"నాకు వాసన రాదన్నా. రెండేళ్లయింది ముక్కు పోయి. మా హుమేరా మీద ఒట్టు."

ఆయన గంత లాగేసి నా మొహంలోకి చూశాడు. "లెగండ్రా," అని పక్కవాళ్ల రెక్కలు పట్టి లేపాడు.

బయట ఎండలో నిలబడ్డాక లెక్కపెట్టుకున్నాం. అందరూ ఉన్నారు. హనుమంతరావన్న నా దగ్గరికొచ్చాడు.

"మా అమ్మాయి పెళ్లి నాటికే పోయిందా?"

"పోయిందన్నా."

"వెయ్యి మంది తిన్నారు గదమ్మా," అన్నాడు, అంతే. వెళ్లి మిగతావాళ్లతో కలిశాడు.

నలభై మందీ ప్రాణాలతో నిలబడి నా ముక్కు గురించే మాట్లాడుకుంటున్నారు. బతికారు, అదే చాలని నాకు నేను చెప్పుకున్నాను. అయినా ఏడుపు ఆగలేదు. ఇక నన్నెవరూ పొయ్యి దగ్గరికి రానివ్వరు.