సులువుగా గుర్తుండే చిరునామా

ఆ చెవిటి పిల్లల బడిలో గదులు తొమ్మిది, లెక్కల టీచరు ఒక్కతే. ఆమెకీ వినపడదు; పాఠమంతా చేతులతోనే చెబుతుంది. ఆ చేతుల్ని కెమెరాతో పట్టి తొమ్మిది గదుల తెరల మీద ఒకేసారి చూపించే ఏర్పాటు చేసింది ఆమె అక్క, బడి నెట్‌వర్క్ చూసుకునే మనిషి. ఇవాళ పెద్ద మేడమ్ ముందు దానికి పరీక్ష. నెగ్గితే చెల్లెలి పాఠం నిలుస్తుంది. లేదంటే బయటి నుంచి రికార్డు పాఠాలు వస్తాయి, చెల్లెలి ఉద్యోగం పోతుంది.

పదకొండింటికి మొదలైన పాఠం రెండు నిమిషాలు బాగానే నడిచింది. ఆ తర్వాత తెరల మీద చేతులు గాల్లోనే బిగుసుకుపోయాయి, మళ్ళీ ఒక్కసారిగా ఎక్కడికో దూకాయి. వినే పాఠంలో ఒక మాట పోతే ఊహించుకోవచ్చు. ఇక్కడ ఒక్క కదలిక పోయిందంటే కూడికో తీసివేతో తెలియక పిల్లలు దిక్కులు చూస్తారు. అలాగే చూశారు.

"నీ డబ్బా ఆగింది, నా చేతులు కాదు," అని చెల్లెలు అక్కకి సైగ చేసింది. కోపంలో ఆమె సైగలు మరీ స్పష్టంగా ఉంటాయి.

"స్విచ్చి పాతదైపోయినట్టుందమ్మా," అంది పెద్ద మేడమ్. "రికార్డులే తెప్పిద్దాంలే."

"పన్నెండు దాకా ఆగండి మేడమ్," అని అక్క మెట్ల కింద గదిలోకి పరుగెత్తింది.

పాఠాన్ని గదులన్నిటికీ పంచే స్విచ్చి డబ్బా అక్కడే ఉంది. దాని లోపల పని రెండు చోట్ల జరుగుతుంది. చిప్ ఆలోచించదు, ఏ గది అడిగిందో ఆ పట్టిక చూసి, వచ్చిన ముక్కని నకళ్ళు తీసి కన్నుమూసి తెరిచేలోగా పంపేస్తుంది. పైన ప్రాసెసర్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ మాత్రం ఒక్కొక్కటే తీరిగ్గా చూస్తుంది. స్విచ్చిలు తమలో తాము చెప్పుకునే కబుర్లు దాని వాటా. వీడియో దాని గుమ్మం తొక్కకూడదు. కానీ ఇప్పుడు ప్రాసెసర్ తొంభై తొమ్మిది శాతం పనితో రొప్పుతోంది.

అక్క ముందు స్విచ్చిని తిట్టింది. తర్వాత పాఠానికి తను పెట్టిన చిరునామా చూసింది: 239.0.0.5. సులువుగా గుర్తుంటుందని మురిసిపోయి పెట్టుకున్న అంకె! చిప్ చూసేది చిరునామా తోకనే. సున్నా, సున్నా, ఐదు అనే తోక స్విచ్చిల సొంత కబుర్లకి కేటాయించినది. అందుకే చిప్ పాఠాన్నంతా వినయంగా పైన సాఫ్ట్‌వేర్‌కి మోస్తోంది. నిన్న చిన్న వీడియోతో పరీక్షించినప్పుడు సాఫ్ట్‌వేర్ ఎలాగో నెట్టుకొచ్చింది. ఇవాళ్టి పెద్ద వీడియోకి చేతులెత్తేసింది. అక్కకి తల కొట్టేసినట్టయింది.

తప్పుని పాత స్విచ్చి నెత్తిన రుద్దేస్తే అడిగేవాళ్ళు లేరు. కానీ పాతదంటే రేపు మళ్ళీ ఆగుతుందనేగా అర్థం, పోయేది చెల్లెలి పాఠమే.

"స్విచ్చి బాగానే ఉంది మేడమ్. చిరునామా నేనే తప్పు పెట్టాను."

"నువ్వా?" అంది పెద్ద మేడమ్.

"నేనే. మార్చేస్తాను, మళ్ళీ ఇలా అవదు."

కెమెరా దగ్గర తోక మార్చింది. తర్వాత గది గదికీ వెళ్ళి తెరల్లోనూ మార్చింది. చివరి గదికి చేరేసరికి ఊపిరి అందలేదు. పన్నెండుకి ఐదు నిమిషాలు ఉన్నాయనగా తొమ్మిది తెరల మీదా చెల్లెలి చేతులు ధారగా కదిలాయి. ప్రాసెసర్ ఆరు శాతానికి దిగి చల్లబడింది.

చెల్లెలు రొట్టె ముక్కలతో భిన్నాలు చెప్పి ముగించి, అర్థమైందా అని అడిగింది. గదుల కెమెరాల్లోంచి పిల్లలు ఆమెకి కనబడతారు. అందరూ తలలూపారు. చివరి గదిలో, సరిగ్గా పెద్ద మేడమ్ పక్కన కూర్చున్న పిల్ల మాత్రం చెయ్యెత్తి, కాలేదని సైగ చేసింది.

గుమ్మం దగ్గరున్న అక్క మనసులోనే అనుకుంది: ఇప్పుడే అనాలా తల్లీ!

తెర మీద చెల్లెలు నవ్వింది. ఆ పిల్ల వైపే చూస్తూ, రొట్టెని ఇంకో రకంగా కోసి చూపిస్తూ, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి, వేళ్ళు వాటంతటవే జవాబు చెప్పేశాయి.

పెద్ద మేడమ్ ఆ వేళ్ళని చూసి అక్క వైపు తిరిగింది.

"ఆ రికార్డుల వాళ్ళకి వద్దని చెప్పెయ్యమ్మా," అంది. "ఈ పిల్లకి మళ్ళీ ఎవరు చెబుతారు?"