చివరి రెండు వరుసలు

కళ్లజోళ్ల షాపులో అద్దాలు కోసే పని నాది. ఎవరి నంబరు ఎంతో పెద్దాయన చీటీ మీద రాసిస్తే, అద్దాన్ని ఫ్రేముకు సరిపడా మిషను మీద అరగదీసి బిగిస్తాను. పెద్దాయనంటే మా యజమాని. కళ్లు పరీక్షించేది ఆయనే. డాక్టరు కాకపోయినా అందరూ డాక్టరుగారూ అని పిలుస్తారు, ఆయనా కాదనడు.

దగ్గరి చూపు పరీక్షకు ఒక అట్ట ఉంటుంది. పై వరుసలో పెద్ద అక్షరాలు, కిందికి పోయేకొద్దీ చిన్నవి. మా అట్ట ఎంత పాతదంటే, ఏళ్ల తరబడి వచ్చేవాళ్లకు అది కంఠతా వచ్చేసింది. కళ్లు మూసుకుని కూడా చివరి వరుస అప్పజెప్పేవారు. చూపుకు కాక జ్ఞాపకశక్తికి కళ్లజోళ్లు ఇస్తున్నామని పెద్దాయనకు విసుగొచ్చి, కొత్తగా ఏదైనా టైపు చేసి అచ్చుకు పంపమన్నాడు. చేతులు శుభ్రంగా కడుక్కోవడం గురించి ఆరు వరుసలు టైపు చేశాను.

నా తెలివి తెల్లారింది ఇక్కడే. మధ్యాహ్నం అన్నం తిన్నాక షాపు కంప్యూటర్లో కవిత్వం రాసుకునే అలవాటు నాకుంది. ఎవరైనా తొంగిచూస్తారేమోనని దాన్ని కూడా అట్టలాగే, పైన పెద్దగా కింద చిన్నగా పేర్చి దాచుకునేదాన్ని. దూరం నుంచి చూస్తే పని చేసుకుంటున్నట్టే ఉండేది. ఆ రెండింట్లో ఒకటి ప్రెస్సుకు పోయింది. ఏది పోయిందో, కొత్త అట్ట వచ్చిన ఈ రోజు పొద్దుటిదాకా నాకు తెలియదు.

పదకొండు గంటలకు ఒక రిటైరైన లెక్కల మాస్టారు పరీక్ష గదిలో కూర్చుని, పాఠం చెప్పినంత గట్టిగా చదివారు.

“పొద్దున గిన్నెలు తోముతూ నా గొంతు నేనే విన్నాను.”

మిషను మీదున్న అద్దం అంచు నా చేతిలోనే విరిగింది. పరీక్ష గదికీ నా బల్లకూ మధ్య ఉన్నది పల్చటి చెక్క అడ్డం, అటు దగ్గినా ఇటు వినిపిస్తుంది. “ఎవరూ లేనప్పుడు అది బాగానే ఉంది,” అని మాస్టారు రెండో వరుస కూడా చదివేసి, ఇక కనిపించడం లేదని ఆగారు. ఆయన కళ్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఆయన వెళ్లగానే లోపలికి పరుగెత్తి, అచ్చులో తప్పు దొర్లింది, ఆ అట్ట ఇచ్చేయండి, మళ్లీ వేయిస్తానన్నాను. పెద్దాయన ఇవ్వలేదు. పాతది చించి పారేశాడట. అయినా చేతులు కడుక్కోమనే సొద కంటే ఇదే నయమని, మాస్టారు ముందుకు వంగి మరీ చదివారని మెచ్చుకున్నాడు. జనం పట్టుకుపోకుండా అట్టకు దారం కట్టి కుర్చీకి ముడేసి పెట్టాడు. నేనే కట్టుకున్న ఉరిలా ఉంది నాకది.

సాయంత్రం నాలుగింటికి మా ఆయన పరీక్షకు వస్తున్నాడు. ఆయనది గడియారాల రిపేరు. ఈ మధ్య చిన్న మరలు కనిపించడం లేదంటే, రమ్మని బతిమాలింది నేనే. ఆ అట్ట మీద చివరి రెండు వరుసల్లో ఉన్నది ఆయనే.

మా ఆయన కొట్టడు, తిట్టడు. కోపం వస్తే మాట్లాడడు. కూరలో ఉప్పు తగ్గితే రెండు రోజులు, పుట్టింట్లో ఒక రోజు ఎక్కువ ఉంటే వారం. ఒకసారి నలభై రోజులు మాట్లాడలేదు. ఎందుకో ఇప్పటికీ తెలియదు. ఆ నలభై రోజులూ నేను తలుపు చప్పుడు కాకుండా వేయడం నేర్చుకున్నాను. ఇక ఇది చదివితే జన్మలో నోరు తెరుస్తాడా?

మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. నాలుగయింది. ఆయన వచ్చి, నాకేసి తలూపి లోపలికి వెళ్లాడు. నేను మిషను ఆపేశాను.

పెద్దాయన పరీక్షకు పెట్టే ఇనుప ఫ్రేములో ఒక్కో అద్దం వేస్తున్నాడు. ఒకటింబావు నంబరుకు మూడో వరుస వచ్చింది. “సాయంత్రం తాళంచెవి చప్పుడైతే ఆ గొంతు ఎటో పోతుంది.” ఒకటిన్నరకు నాలుగోది. “ముఖం తుడుచుకుని ఇంకో ముఖం తగిలించుకుంటాను.” తడబడకుండా చదివాడు. తర్వాత ఆగిపోయాడు.

“కనిపించడం లేదు,” అన్నాడు.

పెద్దాయన రెండు వేశాడు. కనిపించడం లేదన్నాడు. రెండున్నర వేశాడు. అప్పుడూ అదే మాట. ఈ వయసుకు ఇంత నంబరేమిటని పెద్దాయన గొణుక్కుని, రెండున్నర కొయ్యడానికి సిద్ధం చేసుకోమని నన్ను కేకేశాడు.

కనిపించనివాడు ఎలా చదువుతాడో ఈ షాపులో పన్నెండేళ్లుగా చూస్తున్నాను. కళ్లు చికిలిస్తాడు, అట్టను వెనక్కీ ముందుకీ జరుపుతాడు, ఒక్క అక్షరమైనా ఊహించి తప్పు చదువుతాడు. ఈయన ఒక్కటి కూడా తప్పు చదవలేదు. చూశాడు. చివరిదాకా చూసి ఊరుకున్నాడు.

రెండున్నర అద్దం చేతిలోకి తీసుకున్నాను. కోసి బిగించి ఇచ్చేస్తే ఇద్దరం ఏమీ తెలియనట్టే ఇంటికి పోవచ్చు. ఆయనకు రోజూ తలనొప్పి, నాకు మౌనం. దానికి నేను అలవాటు పడగలను. అలవాటు పడగలనని తెలిసినప్పుడే నాకు అన్నిటికంటే ఎక్కువ భయమేసింది.

లేచి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను.

“రెండున్నర వద్దు సార్. ఆయనకు ఒకటిన్నరకే కనిపించింది,” అని పెద్దాయనతో అన్నాను. తర్వాత మా ఆయన వైపు తిరిగాను. పద్నాలుగేళ్ల కాపురంలో ఆయనకు నేను ఏ పనీ చెప్పలేదు. “చదవండి.”

పెద్దాయన అయోమయంగా మా ఇద్దరి ముఖాలూ చూసి, ఒకటిన్నర వేశాడు. మా ఆయన అట్ట ఎత్తాడు. ఈసారి గొంతు సన్నగా వచ్చింది.

“ఆయన కోప్పడడు, మాట్లాడడు, అంతే. నేను వణుకుతాను.” చివరి వరుసకు వచ్చాడు. “ఆ వణుకునే కాపురం అనుకున్నాను.”

పెద్దాయన ఎందుకో అద్దాల పెట్టె సర్దడం మొదలుపెట్టాడు. మా ఆయన ఇనుప ఫ్రేము తీయలేదు. దాని లోంచే నన్ను చూశాడు. ఆ దగ్గరి చూపు అద్దాలకు అంత దూరంలో నేను మసకగానే కనిపించి ఉంటాను.

“నేనంటే అంత భయమా?” అని అడిగాడు.

అబ్బే, అదేం లేదండీ అనే మాట నాలుక చివరికి వచ్చేసింది. పద్నాలుగేళ్లుగా అలవాటైన మాట. దాన్ని మింగాను.

“అవునండీ,” అన్నాను. “ఇప్పుడు కూడా.”