రెండిళ్ల పిల్లి

సోమడికి సిగ్గూ శరం లేవని చంద్రమ్మ లాల్‌దర్వాజా గల్లీలో కనబడ్డ ప్రతి మనిషికీ చెప్పుకునేది. పొద్దున పొయ్యి ముట్టించకముందే ఆ పిల్లి ఆమె కాళ్లకు చుట్టుకుని అడుగు వేయనిచ్చేది కాదు. అన్నం వారుస్తుంటే గిన్నె పక్కన, తాలింపు పెడుతుంటే కుచ్చెళ్లలో, ఎల్లప్ప తినడానికి కూర్చుంటే ఆయన మోకాలి మీద పంజా. పెట్టేదాకా ఒకటే అరుపు. పెట్టింది మింగి, మూతి నాక్కుంటూ గోడెక్కి అవతలికి దూకేవాడు, అక్కడ ఇంకో పూట భోజనానికి.

అవతలిది ఖైసర్ బేగం ఇల్లు. ఒకప్పుడు రెండూ కలిసి ఒకే ఇల్లు. యజమాని అద్దెల ఆశతో నడుమ గోడ కట్టించాడు గానీ, వంటింటి దగ్గర జానెడు కిటికీ ఒకటి వదిలేశాడు. దాని గడియ చంద్రమ్మ వైపే ఉండేది. బేగానికి పని పడితే రెండుసార్లు తట్టేది, చంద్రమ్మ తీసేది. ఇవతల సోమడైన పిల్లి అవతల జానీ. రెండు పేర్లకూ పలికేవాడు, రెండు పేర్ల మీదా తినేవాడు.

ఎల్లప్ప బస్సు డిపోలో మెకానిక్కు. దేనికైనా ఒక పద్ధతి ఉండాలంటాడు. పిల్లికీ పద్ధతి పెట్టాడు.

“అరిసినప్పుడల్లా పెడితే అరుసుడే నేరుస్తది. పొద్దుగాల ఒకపారి, మాపటికి ఒకపారి. నడుమ ఎంత మొత్తుకున్నా దిక్కు గూడ సూడొద్దు” అన్నాడు పెళ్లాంతో.

కిటికీలోంచి ఆ మాట విని బేగం ఆయాసం వచ్చేదాకా నవ్వింది. “మీ ఆయన కానూన్ పెట్టిండు చంద్రమ్మా, జానీ నా కాడికి అపీలుకు వచ్చిండు. కేసు గెలిచిండు” అంది.

చంద్రమ్మ ఖాలా అంటూ పిన్ని వరసతో పిలిచే బేగానికి పిల్లల్లేరు. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఉబ్బసం మనిషి. మేనల్లుడు ఇషాక్ పురానాపూల్ వంతెన అవతల ఉంటాడు. ప్రతి శుక్రవారం జుమ్మా నమాజు చేసుకుని వచ్చి బియ్యం, పప్పు, ఉబ్బసం గోళీలు ఇచ్చిపోతాడు. వారమంతా ఆమెకు అదే ఆధారం. అది తెలిసినది చంద్రమ్మ ఒక్కతే, ఎందుకంటే బేగం ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. ఇవ్వడమే తెలుసు.

ఆ కిటికీకి ఒక కట్టుబాటు ఉంది. అటు నుంచి వచ్చిన గిన్నె ఇటు నుంచి ఖాళీగా పోకూడదు. ఏమీ లేకపోతే చారెడు చక్కెరైనా వేసి ఇవ్వాలి. చంద్రమ్మకు ఆమె తల్లి చెప్పింది, బేగానికి ఆమె తల్లి చెప్పింది. ఆ ఇద్దరు తల్లులూ ఎన్నడూ ఒకరినొకరు చూసుకోలేదు గానీ, ఈ సంగతిలో మాత్రం ఒకే మాట మీద ఉన్నారు.

ఆ ఏడు ఊళ్లో లొల్లి మొదలయ్యే ముందురోజు బేగం నీలం పూల పింగాణీ పళ్లెం నిండా డబల్ కా మీఠా పంపింది. అంతకుముందు చంద్రమ్మ పులిహోర పంపిన ఇత్తడి గిన్నె ఇంకా అవతలే ఉండిపోయింది. భక్షాలు చేసి పళ్లెం తిరిగి పంపాలనుకుంది చంద్రమ్మ. తెల్లారేసరికి కర్ఫ్యూ పడింది.

దుకాణాలు మూతపడ్డాయి. పాలవాడు రాలేదు. ఎల్లప్ప డిపోకు పోలేక ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ కనబడిన ప్రతి తలుపు బందునూ బిగించాడు. బియ్యం అడుగంటితే జొన్న గట్క వండుకున్నారు. చక్కెర డబ్బాలో చీమలు కూడా లేవు. అంత పువ్వుల పళ్లెంలో గట్క పెట్టి పంపడానికి చంద్రమ్మకు మనసొప్పలేదు. కడిగి, తుడిచి, వంటింటి అరుగు మీద బోర్లించింది. దాన్ని చూసినప్పుడల్లా కిటికీ వైపు పోవడానికి మొహం చెల్లేది కాదు.

విచిత్రమేమంటే సోమడు వేళకు కూడా రావడం మానేశాడు. పిలిచినా గోడ మీది నుంచి ఒక చూపు చూసి అటే దూకేవాడు. చంద్రమ్మకు కాస్త కష్టమే అనిపించింది.

“ఖాలా ఇంట్ల డబ్బాలు నిండుగున్నయ్. మన గట్క ఆడెందుకు తింటడు?” అంది.

“నయమే గద” అన్నాడు ఎల్లప్ప.

జుమ్మా వచ్చింది. పురానాపూల్ మీద పోలీసులున్నారని, చీమను కూడా దాటనివ్వడం లేదని గల్లీలో అనుకున్నారు. ఇషాక్ రాలేదు. చంద్రమ్మకు ఆ సంగతి తట్టకపోలేదు. తట్టింది. కానీ పిల్లిని అంత బాగా మేపుతున్న ఇంటికి ఏం తక్కువ అనుకుని ఊరుకుంది.

ఆ తరువాత సోమడు మళ్లీ వచ్చాడు. రావడం రావడమే అరుపు. ఎన్నడూ వాసన చూసి వదిలేసే గట్కను గిన్నె నాకి మరీ తిన్నాడు. తిని మళ్లీ అరిచాడు. కిటికీ దగ్గరికి పోయి చెక్కను గీరాడు, వచ్చి చంద్రమ్మ చీర పట్టుకున్నాడు, మళ్లీ కిటికీకి పోయాడు.

“ఏందిరా నీ తిప్పలు? ఖాలా గూడ ఎల్లగొట్టిందా?”

“పెట్టకు. పద్ధతి దప్పితే మనల్ని బతకనియ్యడు” అన్నాడు ఎల్లప్ప, చాప మీద అటు తిరిగి పడుకుంటూ.

అదే మధ్యాహ్నం కిటికీ చప్పుడైంది. రెండుసార్లు.

చంద్రమ్మ లేచి గడియ మీద చెయ్యి వేసింది. అరుగు మీద పళ్లెం కనబడింది, బోర్లించి, ఖాళీగా. ఇన్నాళ్లకు పళ్లెం అడగడానికే వచ్చి ఉంటుంది. ఏం పెట్టి ఇవ్వాలి? ఆమె చెయ్యి వెనక్కి వచ్చింది. సోమడు అరవబోయాడు. గబుక్కున వాణ్ని ఎత్తుకుని, చప్పుడు కాకుండా మూతి అదిమి పట్టింది. ఇంట్లో ఎవరూ లేరన్నట్టు నిలబడింది, కర్ఫ్యూలో ఎవరైనా ఎక్కడికో పోయి ఉంటారన్నట్టు.

మళ్లీ తట్టింది. ఈసారి గోళ్లతో గీసినంత మెల్లగా. పిల్లి చంద్రమ్మ చేతుల్లో గింజుకుంది. కొంచెంసేపటికి ఏ చప్పుడూ లేదు.

మర్నాడు పొద్దున కర్ఫ్యూ సడలించారు. ఎల్లప్ప పరుగున పోయి బెల్లం, శనగపప్పు, గోధుమపిండి తెచ్చాడు. చంద్రమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఉడకబెట్టి, రుబ్బి, పెనం మీద కాల్చి, నెయ్యి గిన్నె వేలితో తుడిచి రాసి, నీలం పూలు కనబడకుండా భక్షాలు పేర్చింది. సోమడికి ఒక ముక్క కూడా వేయలేదు, ముందు ఖాలాకు అని.

“ఖాలా! పళ్లెం దెచ్చిన. గుస్స జెయ్యకు” అంటూ గడియ తీసింది.

బదులు లేదు. సోమడు ఆమె భుజం మీదుగా లోపలికి దూకాడు. చంద్రమ్మ తల వంచి చూసింది. కిటికీ కిందే, గోడకు ఆనుకుని బేగం కూర్చుని ఉంది. తల పక్కకు వాలింది. పిల్లి ఒడిలోకెక్కి ఆమె గడ్డానికి తల రాస్తూ అన్నానికి అరుస్తోంది. ఆమె చెయ్యి లేవలేదు.

చంద్రమ్మ కేకకు ఎల్లప్ప గోడ దూకాడు. బేగం చెయ్యి పట్టుకుని చూసి, తన తలపాగా తీసి పక్కన పెట్టాడు.

ఎల్లప్ప బేగం ఇంటి వీధి తలుపు గడియ తీసేసరికి ఇషాక్ సంచీ పట్టుకుని రొప్పుతూ ఎదురయ్యాడు. “ఫూఫీ, గోళీలు తెచ్చిన” అని మేనత్తను పిలుస్తూనే లోపలికి వచ్చి అక్కడే కూలబడ్డాడు. చాలాసేపటి తరువాత లేచి వంటింట్లో ఒక్కో డబ్బా మూత తీశాడు. బియ్యం డబ్బా ఖాళీ. పిండి డబ్బా ఖాళీ. గోళీల సీసా ఖాళీ. పొయ్యి పక్కన పిల్లి పళ్లెం ఒక్కదాంట్లో ఎండిన మెతుకులు అంటుకుని ఉన్నాయి.

బేగం పక్కన నేల మీద చంద్రమ్మ ఇత్తడి గిన్నె ఉంది. చింతపండుతో తోమినట్టు తళతళలాడుతోంది. అడుగున ఒక చారెడు చక్కెర.

చంద్రమ్మకు అప్పుడు అర్థమైంది. బేగం పళ్లెం అడగడానికి రాలేదు. బతుకులో మొదటిసారి ఏదో అడగడానికి వచ్చింది. అడగడానికి కూడా ఉత్త గిన్నెతో రాలేకపోయింది, ఉన్న చక్కెరంతా దులిపి తెచ్చింది.

“మీ ఇంట్ల ఎవ్వరు లేకుండెనా చంద్రమ్మక్కా?” అన్నాడు ఇషాక్. అందులో నిష్ఠూరమేమీ లేదు, ఊరికే అడిగాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఉన్నామని చెప్పలేకపోయింది, లేమనీ చెప్పలేకపోయింది.

తరువాత ఆ కిటికీకి గడియ పెట్టలేదు. అవతల కొత్తగా అద్దెకు వచ్చినవాళ్లు మేకు కొడతామంటే కొట్టనివ్వలేదు. సోమడు ఇప్పుడు ఒక్క ఇంటి పిల్లే. అరిచినప్పుడల్లా చంద్రమ్మ చేతిలో పని వదిలేసి లేస్తుంది. నీలం పూల పళ్లెంలోనే పెడుతుంది.

ఒకరోజు ఎల్లప్ప పాత అలవాటు కొద్దీ, “గిప్పుడే గద పెట్టినవ్” అన్నాడు.

“ఆడు ఎవ్వరి ఆకలి జెప్పనొచ్చిండో నాకేమెరుక?” అంది చంద్రమ్మ.

ఎల్లప్ప తన కంచంలోంచి ఒక ముద్ద తీసి పళ్లెంలో వేశాడు.