పెట్టె విప్పిన పూట

“నువ్వే ఏదో నొక్కి ఉంటావు,” అన్నాడు వీరేంద్ర, ఇడ్లీ తుంచి అల్లప్పచ్చట్లో అద్దుకుంటూ.

అతని భార్య లక్ష్మీదుర్గ ఇంకో ఇడ్లీ వడ్డించింది. పొద్దున లేవగానే కంప్యూటర్ బటన్ నొక్కింది. లైటు లేదు, ఫ్యాను చప్పుడు లేదు. పదిసార్లు నొక్కినా అంతే.

“బందరు నుంచి కంప్యూటర్ మెకానిక్ శ్రీకృష్ణని తీసుకొస్తాలే. ఫార్మాట్ కొట్టేసి ఇస్తాడు.”

“ఫార్మాట్ చేస్తే నా బొమ్మలన్నీ పోతాయండీ.”

“పోతే పోనీ. ఉన్న అచ్చులు చాలవా? అయినా అందులో అంత ఏముందని?” చెయ్యి కడుక్కుని, బండి తీసి వెళ్ళిపోయాడు.

అందులో ఆరేళ్ళున్నాయి. పెడనలో వాళ్ళది కలంకారీ అద్దకం షెడ్డు. లక్ష్మీదుర్గ కంప్యూటర్లో గీసిన బొమ్మల్నే టేకు అచ్చుల మీద చెక్కిస్తారు, ఆ అచ్చులే దుప్పట్ల మీదా చీరల మీదా పడతాయి. కిందటి కార్తీకంలో పాలకాయతిప్ప వెళ్ళినప్పుడు, కృష్ణమ్మ మట్టిరంగు నీళ్ళు సముద్రంలో కలిసే చోట నిలబడిపోయిందామె. “ఎంతసేపే, నీళ్ళేగా!” అని కేకేశాడు వీరేంద్ర. ఆ నీళ్ళనీ, మడచెట్ల వేళ్ళనీ, ఇసకలో పీతలు గీసిన గీతలనీ ఇంటికొచ్చి పధ్నాలుగు బొమ్మలుగా గీసింది. అవింకా అచ్చుకెక్కలేదు. ఈ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేవు.

“పిల్ల గుడివాడ పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చదివింది” అని పెళ్ళిచూపుల్లో అత్తవారు పదిమందికీ చెప్పుకున్నారు, మెడలో మరో నగ ఉందన్నట్టు. పెళ్ళయ్యాక ఆ చదువు కరెంటు బిల్లు కట్టడానికీ, ఆడపడుచు పిల్లల ప్రాజెక్టులు టైపు చెయ్యడానికీ పనికొచ్చింది. విజయవాడ ఎగ్జిబిషన్లో ఎవరో “ఈ డిజైన్లు ఎవరివండీ?” అనడిగితే, వెనక దుప్పట్లు మడత పెడుతున్న ఆమె తలెత్తేలోపే వీరేంద్ర నవ్వాడు. “మా ఇంట్లో ఆవిడ ఖాళీగా ఉన్నప్పుడు సరదాగా గీస్తుంటుందండీ.” ఆ మాట ఆమెని చాలా రోజులు వదల్లేదు. ఆ ఖాళీ ఏ వేళప్పుడు ఉందో ఎంత వెతికినా దొరకలేదు. పప్పు పొయ్యి మీద పడేసి మూడో విజిల్ వచ్చేలోపు ఒక తీగ గీసేది. అత్తగారి మందులకీ పనివాళ్ళ టీలకీ మధ్య ఒక ఆకు. దాన్ని సరదా అంటారని ఆమెకి తెలియదు.

గిన్నెలు సింకులోనే వదిలేసి స్క్రూడ్రైవర్ తెచ్చింది.

మానిటర్ లైటు వెలుగుతోంది, కాబట్టి బోర్డులో కరెంటు ఉంది. మానిటర్ వైరు తీసి సీపీయూకి పెట్టింది. చలనం లేదు, అంటే వైరు తప్పు కాదు. ప్లగ్గు పీకేసి పక్క రేకు విప్పింది. లోపల దూది పింజల్లా దుమ్ము.

“కరెంటు సామానుతో ఆటలేంటే అమ్మాయ్!” అత్తగారు మాణిక్యమ్మ గుమ్మంలోంచి అరిచింది. “వాడొచ్చాడంటే అరుస్తాడు.”

“అరవనివ్వండి అత్తయ్యా. కాస్త ఈ ఫోన్ లైటు పట్టుకుంటారా?”

ముసలావిడ గొణుక్కుంటూనే వచ్చి స్టూలు మీద కూర్చుని లైటు పట్టింది. లక్ష్మీదుర్గ కరెంటు సరఫరా చేసే డబ్బాని విడిగా పరీక్షించింది. దాని ఫ్యాను తిరిగింది, అంటే డబ్బా తప్పు కాదు; ఇక అనుమానం పైబటన్ మీదే. తీగలు మళ్ళీ బిగించి, బటన్ వైరు వచ్చి చేరే రెండు చిన్న పిన్నుల కోసం వెతికింది. లేబులు కనపడలేదు. స్క్రూడ్రైవర్ ముందుకు పెట్టి మళ్ళీ వెనక్కి తీసుకుంది. తప్పు చోట తాకిస్తే అంతా తగలబడుతుందేమో!

“ఏమ్మా, భయమేస్తోందా?”

“వేస్తోంది అత్తయ్యా.”

మాణిక్యమ్మ భుజం తడుముకుంది. “ముప్పయ్యేళ్ళు అచ్చు వేశాను దుర్గా. ఈ భుజం అందుకే పోయింది. పనితనమంతా మీ మావయ్యదన్నారు. నేను కూడా అదే అనేదాన్ని.” లైటు దగ్గరగా వంచింది. “చూసుకో, ఏదో సన్నగా రాసుందిక్కడ.”

రాసే ఉంది. ప్లగ్గు పెట్టి, బటన్ తీగ లాగేసి, స్క్రూడ్రైవర్ మొనతో ఆ రెండు పిన్నులూ ఒక్క క్షణం కలిపింది. ఫ్యాను గిర్రున తిరిగింది. తెర వెలిగింది. పోయింది ఆ పైబటన్ ఒక్కటే! పక్కనున్న చిన్న రీసెట్ బటన్ తీగ తెచ్చి ఆ పిన్నులకి తగిలించింది. ఫోల్డర్ తెరిచి లెక్కపెట్టుకుంది. పధ్నాలుగూ ఉన్నాయి. అప్పుడొచ్చింది ఏడుపు.

పదకొండింటికి వీరేంద్ర శ్రీకృష్ణని వెంటబెట్టుకుని వచ్చాడు. విప్పి ఉన్న పెట్టె చూడగానే మొహం ఎర్రబడింది. “ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను?”

శ్రీకృష్ణ వంగి లోపలికి చూశాడు. “బాగానే చేశారండీ. నేనైనా ఇదే చేసేవాణ్ణి. నాకిక్కడ పనేం లేదు సార్.”

అతను వెళ్ళాక వీరేంద్ర గొంతు మారింది. “సరే, అయిందేదో మంచికే అయింది. హైదరాబాదు షోరూం వాళ్ళు ఇందాకే ఫోన్ చేశారు, గంటలో వస్తారు. కొత్త బొమ్మలేవో అన్నావుగా, నా పెన్‌డ్రైవ్‌లో వేసివ్వు.”

“వెయ్యను.”

“ఏంటీ?”

“వాళ్ళని ఇక్కడికే తీసుకురండి. నేను చూపిస్తాను. నచ్చితే అచ్చు మీద నా పేరు కూడా చెక్కిస్తామని వాళ్ళ ముందే చెప్పండి. చెప్పకపోతే ఇవి ఈ షెడ్డులో అచ్చెక్కవు.”

“వాళ్ళతో నువ్వేం మాట్లాడతావే?”

“గీసేటప్పుడు ఏమనుకున్నానో అదే మాట్లాడతాను.”

వీరేంద్ర తల్లి వైపు చూశాడు. ఆవిడ స్టూలు మీంచి కదల్లేదు. “నన్ను చూస్తావేంట్రా? అచ్చులు నడిచేది దాని చేతి మీదే,” అంది.

షోరూం నుంచి భానుమతి అనే ఆవిడ, ఆవిడతో ఇంకొకాయన వచ్చారు. వీరేంద్ర కుర్చీలు జరిపాడు, ఎండ గురించి మాట్లాడాడు, లక్ష్మీదుర్గ వైపూ వంటింటి వైపూ రెండుసార్లు చూశాడు. ఆమె లేవలేదు. మూడోసారి చూసి, గొంతు సవరించుకుని, తనే లోపలికి వెళ్ళాడు. టీపొడి డబ్బా కోసం అలమార తలుపులు ఒకటొకటే తెరుస్తున్న చప్పుడు ముందుగదిలోకి వినబడుతోంది.

తెర మీది నీళ్ళకేసి వంగింది భానుమతి. “ఇదెవరు గీశారండీ?”

“నేను,” అంది లక్ష్మీదుర్గ. “నా పని ఇదే.”